నల్లటి విరేచనం, ఉన్నట్టుండి కళ్ళు తిరగడం: కడుపులో రక్తస్రావాన్ని ముందే ఎలా గుర్తించాలి?

ప్రశ్న అడిగినవారు: కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 66 సంవత్సరాలు. కృష్ణా జిల్లాలోని మా ఊళ్ళో వ్యవసాయం చేస్తారు. 2017లో గుండెకు స్టెంటు వేశారు. అప్పటి నుంచి రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. ఈసారి కోతల రోజుల్లో మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ మాత్రలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, సుమారు మూడు వారాలు వాడారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒక సోమవారం తెల్లవారుజామున పెరట్లోని మరుగుదొడ్డికి వెళ్ళి వస్తూ గుమ్మం దగ్గర కూలబడిపోయారు. అమ్మ పరుగెత్తి వెళ్ళి పట్టుకునేసరికి నుదుటి నిండా చెమట పట్టి, చేతులు చల్లబడి, కాసేపు పిలిచినా పలకలేదట. ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి చూసి, గ్యాస్ పైకి తన్నిందని చెప్పి ఒక ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ ఎక్కించారు. మధ్యాహ్నం దగ్గరి పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్తే హిమోగ్లోబిన్ 11.8 ఉందని, రక్తం బాగానే ఉందని, నీరసం వల్ల కళ్ళు తిరిగి ఉంటాయని చెప్పి పంపించేశారు. మరునాడు ఉదయం మళ్ళీ పడిపోయారు. ఈసారి పంచెలోనే విరేచనమైంది. రోడ్డు వేసేటప్పుడు కరిగించే తారులా నల్లగా, నిగనిగలాడుతూ, బంకబంకగా ఉంది. ఆ వాసన రెండు రోజుల పాటు ఇంట్లోంచి పోలేదని అమ్మ చెప్పింది. విజయవాడ చేర్చేసరికి హిమోగ్లోబిన్ 6.4కు పడిపోయింది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించి, నోటి గుండా కెమెరా గొట్టం పంపి లోపల చూసే ఎండోస్కోపీ చేసి, చిన్నప్రేగు మొదటి భాగంలో పుండు పడిందని, దాని అడుగున రక్తనాళం తెరుచుకుందని చెప్పి క్లిప్పు వేశారు. ఐదో రోజున ఇంటికి పంపారు. ఇప్పుడు మెల్లగా లేచి తిరుగుతున్నారు.

అంత పుండు ఉన్నా ఆయనకు కడుపునొప్పి ఒక్క రోజు కూడా ఎందుకు రాలేదు? అంత రక్తం పోతున్నప్పుడు మొదటి పరీక్షలో హిమోగ్లోబిన్ 11.8 ఎలా ఉంది? అంతకు రెండు రోజుల ముందు నుంచే విరేచనం నల్లగా అవుతోందని, ఒంట్లో వేడి చేసిందేమో అనుకుని ఎవరికీ చెప్పలేదని నాన్నగారు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు చెప్పారు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ రోజూ ఫోనులో మాట్లాడే నాకు ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మేము ఏమేమి గమనించి ఉండాల్సింది? ఇటువంటి రక్తస్రావానికి ఇంకా ఏ కారణాలు ఉంటాయి? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: వైద్యుడు, జనరల్ మెడిసిన్

కృష్ణాతీరం గారికి, మీ నాన్నగారు కోలుకుంటున్నందుకు సంతోషం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో 19 సంవత్సరాలుగా పనిచేస్తున్నాను. మీరు వర్ణించిన కథను, ఇంచుమించు అదే క్రమంలో, ఎన్నోసార్లు చూశాను. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందు హిమోగ్లోబిన్ సంగతి. ఆ పరీక్ష ఒంట్లో ఎంత రక్తం ఉందో చెప్పదు, ఉన్న రక్తం ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. బిందె నిండా ఉన్న మజ్జిగలో మూడో వంతు ఒలికిపోయిందనుకోండి, మిగిలిన మజ్జిగ చిక్కదనం ఏమాత్రం మారదు. తరువాత నీళ్ళు కలిస్తేనే పలచబడుతుంది. శరీరం కూడా అంతే. రక్తం పోయిన తరువాత కణజాలంలోని నీరు నెమ్మదిగా రక్తనాళాల్లోకి చేరుతుంది, మనం సెలైన్ ఎక్కిస్తాం, అప్పుడు గానీ అసలు అంకె బయటపడదు. దానికి ఒక రోజు పట్టవచ్చు, ఒక్కొక్కసారి రెండు మూడు రోజులు కూడా పట్టవచ్చు. కాబట్టి రక్తస్రావం జరుగుతోందని అనుమానం ఉన్నచోట మొదటి హిమోగ్లోబిన్ బాగుందని ఎవరైనా ధైర్యం చెబితే ఆ ధైర్యానికి ఆధారం లేదు. పడుకున్నప్పుడు, లేచి నిలబడినప్పుడు నాడి, బీపీ ఎలా మారుతున్నాయో చూడాలి. మలం రంగు అడగాలి, సందేహముంటే మలద్వారంలో వేలితో పరీక్షించాలి. రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉండి యూరియా ఒక్కటే పెరిగి ఉంటే, కడుపులో పడిన రక్తం ప్రేగుల్లో జీర్ణమై యూరియాగా మారుతోందని అనుమానించాలి.

ఇక నొప్పి. పుండు ఉన్న ప్రతివారికీ నొప్పి రాదు. వయసు మళ్ళినవారిలోనూ, నొప్పి మాత్రలు వాడేవారిలోనూ పుండు మౌనంగా పెరిగి, రక్తస్రావంతోనే మొదటిసారి బయటపడడం చాలా మామూలు విషయం. మోకాలి నొప్పిని అణిచిన మాత్ర కడుపునొప్పిని కూడా కొంత అణిచివేస్తుంది కదా.

ఆ మాత్రలు చేసే హాని గురించి ఒక అపోహను తొలగించవలసి ఉంది. భోజనం చేసిన తరువాతే వేసుకున్నాను గనుక ఏమీ కాదని చాలామంది నమ్ముతారు. జీర్ణాశయం గోడను దాని సొంత ఆమ్లం నుంచి కాపాడేది ఒక జిగురు పొర. ఆ పొరను, గోడకు అందే రక్తప్రసారాన్ని నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, పిరాక్సికామ్ వంటి మందులు నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే. రక్తంలో కలిసిన తరువాత కూడా అవి ఆ పని చేస్తాయి గనుక, తిన్నాక వేసుకున్నా, ఇంజెక్షన్‌గా తీసుకున్నా ప్రమాదం పోదు. మీ ఊళ్ళో ఇచ్చిన ఇంజెక్షన్ ఏమిటో నాకు తెలియదు, దాని గురించి వ్యాఖ్యానించను. ఆస్పిరిన్ తక్కువ మోతాదులో కూడా రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లను పనిచేయనివ్వదు. అంటే మీ నాన్నగారి విషయంలో ఒక మందు పుండును చేసింది, ఇంకొక మందు ఆ పుండు నుంచి కారే రక్తాన్ని ఆగనివ్వలేదు. ఈ రెండూ కలిస్తే ప్రమాదం రెండింటి మొత్తం కంటే ఎక్కువ అవుతుంది.

పుండుకు రెండో పెద్ద కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. పుండ్లన్నీ కారం వల్ల, దిగులు వల్ల వస్తాయని ప్రపంచమంతా నమ్ముతున్న కాలంలో, 1982లో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు వైద్యులు దాన్ని పెంచి చూపించారు. నమ్మనివారికి రుజువు చూపడం కోసం మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మీ నాన్నగారికి ఆ పరీక్ష చేశారో లేదో డిశ్చార్జి కాగితాల్లో చూడండి.

మలం నల్లగా మారడానికి 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం చాలు, అంటే చిన్న టీ గ్లాసులో పట్టేంత. రక్తంలోని హిమోగ్లోబిన్ మీద ఆమ్లమూ, ప్రేగుల్లోని సూక్ష్మజీవులూ కొన్ని గంటల పాటు పనిచేస్తే ఆ నలుపు, ఆ బంక, ఆ వాసన వస్తాయి. కడుపులోనే నిలిచి వాంతిలో వస్తే కాఫీ డికాక్షన్ అడుగున మిగిలే పొడిలా ఉంటుంది. రక్తస్రావం ఆగిపోయిన తరువాత కూడా ప్రేగుల్లో మిగిలినది కొన్ని రోజుల పాటు నల్లగా వెళ్తుంది. అప్పుడు భయపడనక్కరలేదు గానీ, దానితో పాటు కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం ఉంటే మళ్ళీ మొదలైందనే అనుకోవాలి.

పై భాగంలో, అంటే అన్నవాహిక నుంచి చిన్నప్రేగు మొదటి భాగం వరకు, పుండు కాక మిగిలిన కారణాలు కొన్ని ఉన్నాయి. విపరీతంగా వాంతులై, ముఖ్యంగా మద్యం ఎక్కువైన రాత్రి, అన్నవాహిక చివర చీలిక పడి రక్తం రావచ్చు. మొదటి వాంతులు మామూలుగా వచ్చి, తరువాతి వాంతిలో రక్తం కనిపిస్తే దాన్ని అనుమానిస్తాం. చాలావరకు తనంతట తానే ఆగిపోతుంది. జీర్ణాశయంలో క్యాన్సరు కూడా ఇలా బయటపడవచ్చు. వీటన్నిటికంటే భయంకరమైనది కాలేయం చెడిపోయినవారిలో అన్నవాహిక సిరలు ఉబ్బి పగలడం.

జవాబు: మున్నేటి ఒడ్డు

డాక్టరు గారు చివర చెప్పినది మా ఇంట్లో జరిగింది. ఎవరికైనా పనికి వస్తుందని రాస్తున్నాను. మాది ఖమ్మం. మా అన్నయ్యకు అప్పుడు 44 సంవత్సరాలు, పదిహేనేళ్ళుగా తాగుడు అలవాటు ఉంది. దీపావళి ముందు రోజు రాత్రి భోజనానికి కూర్చుని, వికారంగా ఉందంటూ లేచి వెళ్ళాడు. వదిన స్టీలు బేసిను పట్టింది. ఒక్క వాంతికే అది సగం పైగా నిండింది. ఎర్రటి రక్తం, అందులో మేక కాలేయం ముక్కల్లా గడ్డలు. నొప్పి అన్న మాట అన్నయ్య నోటి నుంచి రాలేదు, దాహంగా ఉంది, మంచినీళ్ళు ఇవ్వండి అని మాత్రం పదే పదే అడిగాడు. ఆ దాహం కూడా రక్తం పోవడానికి గుర్తేనని తరువాత తెలిసింది. 108కు ఫోన్ చేశాం.

ఆసుపత్రిలో ఎండోస్కోపీకి ముందే సిరల్లో ఒత్తిడి తగ్గించే టెర్లిప్రెసిన్ అనే మందు, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. తెల్లవారేలోగా ఎండోస్కోపీ చేసి, ఉబ్బిన సిరలకు చిన్న రబ్బరు బ్యాండ్లు వేశారు. అక్కడి డాక్టరమ్మ మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. ప్రేగుల నుంచి వచ్చే రక్తమంతా కాలేయం గుండా పోవాలి. కాలేయం గట్టిపడిపోతే, గేట్లు మూసిన కాలువలో నీళ్ళు వెనక్కి తన్ని పక్క బోదెల్లోకి ఎక్కినట్టు, ఆ రక్తం అన్నవాహిక చుట్టూ ఉన్న సన్నటి సిరల్లోకి ఎక్కుతుంది. ఆ సిరలు అంత ఒత్తిడికి తట్టుకోలేవు.

మూడో రోజున అన్నయ్య మమ్మల్ని గుర్తుపట్టలేదు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, ఏవేవో మాటలు. ప్రేగుల్లో నిలిచిన రక్తం నుంచి పుట్టిన అమ్మోనియాను చెడిన కాలేయం తీసివేయలేకపోవడం వల్ల అలా జరుగుతుందని, అందుకే విరేచనం సాఫీగా అయ్యేలా లాక్టులోజ్ సిరప్ ఇస్తున్నామని చెప్పారు. తరువాత కొన్ని వారాలకొకసారి మొత్తం నాలుగు సార్లు బ్యాండింగ్ జరిగింది. ఆ సిరల్లో ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మాత్ర ఇప్పటికీ వాడుతున్నాడు. తాగుడు పూర్తిగా మానేశాడు.

అంతకు ఆరు నెలల ముందు నుంచే అన్నయ్య పాదాలు సాయంత్రానికి వాచేవి, పొట్ట బిగువుగా కనిపించేది, జ్వరం వచ్చి పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నాయన్నారు. డెంగీ ఏమో అనుకుని ఊరుకున్నాం. అవన్నీ కాలేయం చెడిన గుర్తులని ఎవరైనా కలిపి చెప్పి ఉంటే ముందే ఎండోస్కోపీ చేయించి బ్యాండ్లు వేయించేవాళ్ళం. తాగుడు అలవాటు లేనివారికి కూడా హెపటైటిస్ బి, సి వల్లా, షుగరుతో వచ్చే ఫ్యాటీ లివరు వల్లా ఇదే స్థితి రావచ్చని ఆ వార్డులోనే కళ్ళారా చూశాను.

జవాబు: స్టాఫ్ నర్సు, అత్యవసర విభాగం

పెద్దలు కారణాలు చెప్పారు గనుక, ఇంటి నుంచి ఆసుపత్రి గేటు వరకు జరిగే పొరపాట్ల గురించి నేను రాస్తాను.

నల్లటి మలమంతా రక్తం కాదు. ఐరన్ మాత్రలు వాడేవారికి నల్లగా, కొంచెం ఆకుపచ్చ ఛాయతో అవుతుంది. కానీ గట్టిగా ఉంటుంది, వాసన మామూలుగానే ఉంటుంది. ఆదివారం నల్ల, అంటే మేక రక్తం వేపుడు, తిన్నా మరునాడు ముదురు రంగులో కావచ్చు. బీట్‌రూట్ తింటే ఎర్రగా కావచ్చు. రక్తం వల్ల అయిన నలుపు మాత్రం రెండు చెంబుల నీళ్ళు పోసినా బేసినుకు అంటుకునే ఉంటుంది, ఆ వాసన ఒకసారి చూసినవారు మరచిపోరు. ఇంట్లో పెద్దవారిని విరేచనం అయ్యిందా అని మాత్రమే అడుగుతాం, ఏ రంగులో అయిందని అడగం. నొప్పి మాత్రలు గానీ, రక్తం పలచబడే మాత్రలు గానీ వాడేవారిని ఆ రెండో మాట కూడా అడగండి. వారికి సిగ్గు ఉంటుంది, మనకు ఉండకూడదు.

అనుమానం వచ్చాక మజ్జిగ, కొబ్బరినీళ్ళు, అన్నం ఏవీ పెట్టకండి. కడుపు ఖాళీగా ఉంటే ఎండోస్కోపీ త్వరగా చేయగలుగుతారు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ తగ్గుతుంది. మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకురాకండి. రక్తం తగ్గినవారు నిటారుగా కూర్చుంటే మెదడుకు రక్తం చాలక దారిలోనే స్పృహ తప్పుతారు. పడుకోబెట్టి తీసుకురావాలి, వాంతులు అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఇంట్లో ఉన్న ప్రతి మందు పట్టీ, నాటుమందు పొడి అయినా సరే, ఒక సంచిలో వేసుకుని తెండి. మూత్రం ఎప్పుడు పోశారో, ఎంత పోశారో గుర్తుంచుకుని చెప్పండి. గంటల తరబడి మూత్రం రాకపోవడం, మాటల్లో తడబాటు, విపరీతమైన అశాంతి కనిపిస్తే పరిస్థితి చాలా ముదిరిందని మేము భావిస్తాం.

ఇంకొక మాట. గుండెజబ్బుకు, బీపీకి వాడే కొన్ని మందులు నాడి వేగాన్ని పెరగనివ్వవు. అటువంటివారిలో నాడి మామూలుగా ఉందని తృప్తిపడకూడదు.

తిరిగి అడిగినవారు: కృష్ణాతీరం

ముగ్గురికీ నా నమస్కారాలు. నర్సు గారి చివరి మాట చదివి మొదటి ఆసుపత్రి చీటీ తీసి చూశాను. నాడి 84, బీపీ 100/60 అని రాసి ఉంది. నాన్నగారు స్టెంటు వేసినప్పటి నుంచి, నాడి వేగాన్ని పెరగనివ్వని అటువంటి మందే అయిన మెటోప్రోలాల్ వాడుతున్నారు. ఆయన బీపీ మామూలుగా 140 ఉంటుంది.

ఇంకో మూడు సంగతులు అడగాలి. బంధువులందరూ ఆస్పిరిన్ ఇక జన్మలో ముట్టవద్దంటున్నారు. మా బాబాయి మందుల షాపులో రక్తం ఆగే మాత్రలని ట్రనెక్సామిక్ యాసిడ్ తెచ్చి, మళ్ళీ ఎప్పుడైనా అవసరం పడుతుందని ఇంట్లో పెట్టారు. మూడోది, ఈ హడావుడిలో అమ్మ తనకు కూడా మలంతో ఎర్రటి రక్తం పడుతోందని, మొలలే కదా అని ఊరుకున్నానని అంది. అమ్మకు 61 సంవత్సరాలు.

జవాబు: వైద్యుడు, జనరల్ మెడిసిన్

ఆ చీటీ చాలా విలువైనది, జాగ్రత్తగా దాచండి. మెటోప్రోలాల్ వాడే మనిషిలో 84 అంటే మామూలు నాడి కాదు. ఎప్పుడూ 140 ఉండే బీపీ 100కు దిగడం దానికి తోడైంది. ఆ రెండు అంకెలను ఆయన మందులతో కలిపి చదివి ఉంటే ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకునేవారు.

ఆస్పిరిన్ గురించి బంధువుల మాట వినకండి. స్టెంటు ఉన్న మనిషి దాన్ని పూర్తిగా మానేస్తే గుండెపోటు ముప్పు నిజంగా పెరుగుతుంది. రక్తస్రావం అదుపులోకి వచ్చాక, ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ వంటి మందు అండతో, సాధారణంగా కొద్ది రోజుల్లోనే తిరిగి మొదలుపెడతాం. ఎప్పుడన్నది మీ గుండె వైద్యుడు, ఎండోస్కోపీ చేసిన వైద్యుడు మాట్లాడుకుని నిర్ణయించాలి. ఇప్పటికే ఆపి ఉంటే రేపే వారిని అడగండి, వచ్చే నెల దాకా ఆగకండి. మానవలసినది డైక్లోఫెనాక్. మోకాళ్ళకు పారాసిటమాల్, పైపూత జెల్, తొడ కండరాలకు వ్యాయామం సరిపోతాయేమో ముందు చూడాలి. హెలికోబ్యాక్టర్ పరీక్ష రక్తస్రావం జరుగుతున్నప్పుడు చేస్తే ఉన్నా లేనట్టు రావచ్చు, పాంటాప్రజోల్ వాడుతున్నప్పుడూ అంతే. అందుచేత అప్పుడు లేదని వచ్చినా, వైద్యుని సలహా మీద మరొకసారి చేయించండి. ఉందని తేలితే సాధారణంగా 14 రోజుల మందులు ఇస్తారు. అవి ముగిసిన నాలుగు వారాల తరువాత పోయిందో లేదో మళ్ళీ చూడాలి.

ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఇంట్లో ఉంచకండి. జీర్ణనాళ రక్తస్రావంలో అది ప్రాణం కాపాడుతుందేమోనని 15 దేశాల్లో 12,009 మంది మీద జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. మరణాలు తగ్గలేదు, సిరల్లో గడ్డలు మాత్రం పెరిగాయి. స్టెంటు ఉన్న ఇంట్లో ఆ మాత్ర అసలే వద్దు. పైగా దాన్ని మింగి ఫలితం కోసం ఎదురుచూసే గంటలు ఎండోస్కోపీ బల్ల మీద గడవవలసిన గంటలు.

మీ అమ్మగారి విషయం నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. కింది భాగం నుంచి వచ్చే ఎర్రటి రక్తానికి మొలలు, మలద్వారం చీలిక తరచుగా కారణాలే. మొలల రక్తం సాధారణంగా మలం పైన చారలా, లేదా చివర చుక్కలుగా పడుతుంది. కానీ 61 ఏళ్ళ వయసులో చూడకుండా మొలలని అనుకోవడానికి వీలు లేదు. పెద్దప్రేగు గోడలో సంచుల్లా ఏర్పడే డైవర్టికులాలు నొప్పి లేకుండానే ఒక్కసారిగా ఎక్కువ రక్తాన్ని కార్చగలవు. వయసుతో ప్రేగు గోడలో వదులైన సన్నటి రక్తనాళాలు పగలవచ్చు. జిగట విరేచనాలు, ప్రేగుల వాపు జబ్బులు, ముదిరిన టైఫాయిడ్‌లో చిన్నప్రేగు చివర పడే పుండ్లు కూడా కారణాలే. క్యాన్సరు మొదట్లో ఇంతకంటే పెద్ద గుర్తు ఏదీ చూపకపోవచ్చు. ఎర్రటి రక్తం ధారగా పోతూ కళ్ళు తిరుగుతుంటే అది కింది నుంచే అనుకోకండి, పై భాగంలో వేగంగా కారిన రక్తం నల్లబడే వ్యవధి లేక ఎర్రగానే బయటకు వస్తుంది. అమ్మగారికి ఎన్నాళ్ళ నుంచి ఉందో, బరువు తగ్గారో లేదో, మలవిసర్జన అలవాటు మారిందో లేదో అడిగి, మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దప్రేగును చూసే కొలొనోస్కోపీ చేయించండి.

తిరిగి రాసినవారు: కృష్ణాతీరం

డాక్టరు గారూ, నిన్న ఊరికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని అడిగాను. ఎనిమిది నెలలుగా ఉందట. నాలుగు కిలోలు తగ్గిందట, ఉపవాసాల వల్లనని అనుకుందట. శుక్రవారం కొలొనోస్కోపీకి విజయవాడలో సమయం తీసుకున్నాను. అదే రోజు నాన్నగారిని కూడా తీసుకువెళ్ళి ఆస్పిరిన్ గురించి గుండె డాక్టరుతో మాట్లాడతాం. డైక్లోఫెనాక్ పట్టీ ఒకటి, నాలుగు మాత్రలు మిగిలి, ఆయన పొలానికి వేసుకువెళ్ళే చొక్కా జేబులో దొరికింది. మొదటి చీటీతో పాటు దాన్ని కూడా సంచిలో పెట్టాను.